కోచ్ కెర్వెల్ ఒక్క పేజీ రెజ్యూమే

మోరిస్‌విల్, నార్త్ కరోలినా
సెప్టెంబర్ 8, 2024

దైవాశీర్వాదం అన్నయ్యకు లూసీ వందనాలు.

పదకొండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపితే "కోపం వినిపించింది, విషయం వినిపించలేదు, ఉత్తరం రాయి" అని ఒక్క ముక్క పంపావు. విజయవాడలో ఇరవై ఆరేళ్ళు స్పోర్ట్స్ డెస్కులో కూర్చున్నవాడికి చెల్లెలు కూడా మండల విలేఖరిలా కనిపిస్తుంది కాబోలు. సరే, రాస్తున్నాను.

విషయం మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు. ఇక్కడ అందరూ సాకర్ అంటారు, అలా అంటే మా కోచ్ బదులు చెప్పడు. ఆయన పేరు రెమీ కెర్వెల్. ఫ్రాన్స్ మనిషి, అరవై ఒక్క ఏళ్ళు. ఇరవై రెండేళ్ళుగా క్లబ్బుకు మేనేజర్ ఆయనే, అమ్మాయిల పెద్ద జట్టుకు కోచ్ కూడా ఆయనే. ఇన్నేళ్ళలో ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఇద్దరున్నారట. వాళ్ళలో ఒకరు ఊరు మారిపోయారు.

నీ మేనకోడలు పర్సిస్ ఆ జట్టులో డిఫెండర్. ఈ సీజన్‌లో ఆరు మ్యాచ్‌లు జరిగాయి. ఒక్కదానిలోనూ మొదటి పదకొండు మందిలో లేదు. కారణం, ఆదివారం ప్రాక్టీసుకు రాదు. మన తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత భవనం లేదు కదా. అమెరికన్ల చర్చిలో వాళ్ళ ఆరాధన అయ్యాక రెండింటి నుంచి అయిదింటి దాకా అద్దెకు తీసుకుంటాం. ప్రాక్టీసు మూడింటికి. దేవుడూ కెర్వెల్ గారూ ఒకే టైమ్ అడుగుతున్నారు. దేవుడు కాస్త సర్దుకుంటాడేమో, ఈయన సర్దుకోడు.

బాధితురాలిని నేనొక్కదాన్నే కాదు. మా బోర్డు ప్రెసిడెంట్ రాజీవ్ గారు ఒక పెద్ద కంపెనీలో ప్రొడక్ట్ మేనేజర్. వాళ్ళమ్మాయి మనీషా కాలేజీ అప్లికేషన్‌కు కోచ్ సిఫారసు ఉత్తరం ఇచ్చాడు. మొత్తం రెండు వాక్యాలు. "ఈ అమ్మాయి సమయానికి వస్తుంది. ఎడమ కాలు బలహీనం." రాజీవ్ గారు ఆ కాగితాన్ని ఇప్పటికీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

బోర్డులో ఏడుగురం. అయిదుగురు తెలుగువాళ్ళం, నేను సెక్రటరీని. మొన్నటి మీటింగ్‌లో కోచ్ ఫైలు తీశాం. అందులో 2013లో పాత బోర్డు అడిగితే ఇచ్చిన రెజ్యూమే, ఒక్క పేజీ. అమెరికాకు ముందు సంగతి ఒకే వరుస. "ఫ్రాన్స్‌లో ఫుట్‌బాల్ ఆడాను. డిఫెండర్. ఆరు సీజన్లు." అంతే. రాజీవ్ గారు చదివి, "డేట్స్ లేవు, క్లయింట్ నేమ్ లేదు, రిఫరెన్స్ లేదు. ఇది మనకు తెలియని వ్యవహారమా అండీ?" అన్నారు. అందరూ నవ్వారు. ఎవరో "ఫేక్ ఎక్స్‌పీరియన్స్" అన్నారు. ఆ మాటతో అందరికీ ఒక దారి దొరికింది. బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయిస్తున్నాం. రాసింది అబద్ధమని తేలితే డిసెంబర్ 7న ఓటు వేసి తీసేస్తాం.

నువ్వు పాత విలేఖరివి, నీకు దారులు తెలుసు. ఆయన అబద్ధం ఏమిటో తవ్వి పంపు.

లూసీ

*

జెర్సీ సిటీ, న్యూజెర్సీ
సెప్టెంబర్ 15, 2024

చెల్లెమ్మ లూసీకి,

ఉత్తరం బాగుంది. నీ వాయిస్ మెసేజ్ కన్నా తొమ్మిది నిమిషాలు చిన్నది.

అబద్ధం తవ్వి పంపమన్నావు. నాకు తవ్వడం మాత్రమే వచ్చు. ఏం బయటపడుతుందో ముందే ఒప్పందం చేసుకోను. ముందు నాలుగు ప్రశ్నలు. ఇరవై రెండేళ్ళలో ఆ జట్టు ఎన్ని కప్పులు గెలిచింది? ఆదివారం నియమం పర్సిస్ ఒక్కదానికేనా, అందరికీనా? ఆయన మీద ఇంతకుముందు ఒక్క ఫిర్యాదైనా కాగితం మీద ఉందా? "ఫేక్" అన్న మాట మొదట ఎవరన్నారు? నీ ఉత్తరంలో అందరికీ పేర్లున్నాయి, అక్కడ మాత్రం "ఎవరో" ఉంది. నా డెస్కులో అయితే ఆ కాపీ వెనక్కి పంపేవాణ్ణి.

ఇంకొకటి. ఎక్కువ చేసి రాసేవాడు ఆరు సీజన్లు అని రాయడు. నేను చూసిన అబద్ధాలన్నీ అయిదు దగ్గరో పది దగ్గరో ఆగాయి. ఈ విషయంలో నాకు కొంత అనుభవం ఉంది. 2009లో నేను మీ ఇంటికి వచ్చినప్పుడు డైనింగ్ టేబుల్ మీద నీ రెజ్యూమే ఉంది. సాయంత్రం టీ తాగేలోపు దానికి మూడేళ్ళ వయసు పెరిగింది. నీ కన్సల్టెన్సీవాళ్ళు ఫోన్‌లో తేదీలు చెబుతుంటే నువ్వు టైప్ చేస్తున్నావు. నేను బిస్కెట్లు తింటున్నాను కాబట్టి నేరంలో నాకూ భాగం ఉంది.

అందుకని ఆ మీటింగ్‌లో మీ అయిదుగురూ నవ్విన నవ్వు నాకు ఇక్కడికే వినిపించింది.

అన్నయ్య,
దైవాశీర్వాదం

*

మోరిస్‌విల్
అక్టోబర్ 6, 2024

అన్నయ్యా,

2009 సంగతి ఎత్తకు. పదిహేనేళ్ళుగా గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నాను. ఈ దేశంలో గోడలకు కూడా హెచ్.ఆర్. ఉంటుంది.

నీ ప్రశ్నలకు జవాబులు. కప్పులు: స్టేట్ స్థాయిలో నాలుగు. నియమం: అందరికీ. 2016 ఫైనల్‌కు ముందు ఆదివారం రాలేదని జట్టు కెప్టెన్ విద్యనే బెంచీ మీద కూర్చోబెట్టాడు. జట్టు ఓడిపోయింది. తల్లిదండ్రులు చుట్టూ మూగితే, "ఈ వారం ఆ అమ్మాయి ఒళ్ళు ఎలా ఉందో నేను చూడలేదు" అన్నాడట. డాక్టరా ఈయన? ఫిర్యాదులు: చాలా ఉన్నాయి, అన్నీ పార్కింగ్ లాట్‌లో. కాగితం మీద ఒక్కటీ లేదు.

ఇక అసలు కబురు. చెక్ చేసే కంపెనీ రిపోర్టు వచ్చింది. రెమీ కెర్వెల్ అనే పేరుతో ఫ్రాన్స్‌లో ఏ డివిజన్‌లోనూ, ఏ ఏడాదిలోనూ, ఏ ఆటగాడూ రిజిస్టర్ కాలేదు. ఆరు సీజన్లు కాదు, ఆరు నిమిషాలు కూడా లేవు. రాజీవ్ గారు దాన్ని బోర్డు వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద దండం పెట్టిన చేతుల బొమ్మ పెట్టారు. పండగలకు కూడా ఆయన ఇంత ఉత్సాహం చూపించగా నేను చూడలేదు. ట్రెజరర్ దివాకర్ గారైతే కొత్త కోచ్ కోసం జాబ్ డిస్క్రిప్షన్ కూడా రాసేశారు. లైసెన్స్ ఉండాలి, వీడియో అనలిటిక్స్ రావాలి, "పేరెంట్స్‌తో స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్" రావాలి.

చూశావా, నా మాటే నిజమైంది.

లూసీ

*

జెర్సీ సిటీ
అక్టోబర్ 27, 2024

లూసీకి,

"నా మాటే" అన్నావు. గమనించాను.

మీ క్లబ్బు వెబ్‌సైట్‌లో ఆయన ఫొటో ఉంది. దాని కింద ఆయన పుట్టిన రేవు పట్టణం పేరు కూడా ఉంది. మీ చెక్ కంపెనీ డబ్బు తీసుకుని చదవని వాక్యం అది. ఆ పట్టణపు పత్రికలో స్పోర్ట్స్ రాసి రిటైరైన పెద్దాయన ఒకరు దొరికారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. మా ఆఫీసులో సెనెగల్ నుంచి వచ్చిన, ఫ్రెంచ్ తెలిసిన మిత్రుణ్ణి లైన్‌లో పెట్టుకుని మాట్లాడాను. ఫొటో పంపాను.

ఆయన నాలుగు సెకన్లలో గుర్తుపట్టారు. ఆ మనిషి అసలు పేరు రెమీ లెబార్. కెర్వెల్ తల్లి ఇంటిపేరు. ఆడింది ఆరు సీజన్లు కాదు, పదమూడు. 1983 నుంచి 89 దాకా రెండో డివిజన్, ఆరు సీజన్లు. 89 నుంచి 96 దాకా ఆ రేవు పట్టణం జట్టుకే, మొదటి డివిజన్‌లో, ఏడు సీజన్లు. 302 మ్యాచ్‌లు, గోల్స్ నాలుగు. అందులో ఒకటి తన జట్టు మీదే వేసుకున్నాడు. చివరి అయిదేళ్ళు కెప్టెన్. పెద్దాయన తన పాత క్లిప్పింగులు స్కాన్ చేసి పంపారు. రెండు చోట్ల సరిచూశాను. సరిపోయాయి.

అంటే మీ కోచ్ తన అనుభవాన్ని సగం కన్నా తగ్గించి రాసుకున్నాడు. దీన్ని ఏమంటారో నాకు తెలియదు. మీ బోర్డులో పెద్దపెద్ద చదువులవాళ్ళున్నారు, అడిగి చెప్పు.

1996లో ఎందుకు ఆగిపోయాడని అడిగితే పెద్దాయన, "బతికే ఉన్నాడన్నమాట, సంతోషం" అని ఫోన్ పెట్టేశారు. మళ్ళీ చేస్తాను.

నాలుగో ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు.

దైవాశీర్వాదం

*

మోరిస్‌విల్
నవంబర్ 3, 2024

అన్నయ్యా,

నేనే అన్నాను.

రాజీవ్ గారు "మనకు తెలియని వ్యవహారమా" అనగానే అందరూ నవ్వుతున్నారు. ఆ ముందు రోజే పర్సిస్ తొంభై నిమిషాలు బెంచీ మీద కూర్చుని, ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా పడుకుంది. నాకు మండిపోతోంది. "ఫేక్ ఎక్స్‌పీరియన్స్ అయ్యుంటుంది" అన్నాను. సరదాగా అన్నానని ఆ రోజు అనుకున్నాను. సెక్రటరీని కాబట్టి మీటింగ్ మినిట్స్‌లో నేనే "ఒక సభ్యురాలు సందేహం వ్యక్తం చేశారు" అని రాసుకున్నాను.

పదమూడు సీజన్ల సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే నమ్మరు. ఒకడు చేసిన పని దాచుకున్నాడంటే మనవాళ్ళలో అర్థం చేసుకునేవాళ్ళెవరు? దాని వెనక ఇంకా పెద్ద ఫ్రాడ్ ఉందంటారు.

ఓటుకు నెల రోజులుంది. 1996లో ఏం జరిగిందో తెలుసుకో.

లూసీ

*

జెర్సీ సిటీ
నవంబర్ 10, 2024

చెల్లెమ్మా,

చెప్పినందుకు సంతోషం. ఇక నీకు నా నుంచి ప్రశ్నలు లేవు.

పెద్దాయన రెండోసారి మాట్లాడారు. తర్వాత పంపిన క్లిప్పింగులు తొమ్మిది. నేను సరిచూడగలిగినంత వరకు రాస్తున్నాను.

1996 మార్చి. జట్టులో ఇరవై రెండేళ్ళ ఫార్వర్డ్ ఒకడు గుండె దడ అని వారమంతా ప్రాక్టీసుకు రాలేదు. శనివారం ముఖ్యమైన మ్యాచ్. డాక్టర్ చూడకుండానే అతణ్ణి ఆడించారు. అరవై మూడో నిమిషంలో పడిపోయాడు. ప్రాణం దక్కింది, ఆట పోయింది. రెండు రోజుల తర్వాత క్లబ్బువాళ్ళు ఒక వైద్య పరీక్ష రిపోర్టు తయారు చేశారు, మ్యాచ్ ముందు రోజు తేదీ వేసి. కింద సాక్షిగా కెప్టెన్ సంతకం కావలసి వచ్చింది. కెప్టెన్ చేయలేదు. విచారణలో అడిగితే, ఆ కాగితం ఏ రోజు పుట్టిందో చెప్పాడు.

క్లబ్బును రెండు డివిజన్లు కిందికి దించారు. స్పాన్సర్‌గా ఉన్న, చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ తప్పుకుంది, తర్వాత మూతపడింది. ఊరు డాక్టర్‌ను తిట్టలేదు, క్లబ్బు యజమానిని తిట్టలేదు. లెబార్ ఇంటి గుమ్మం ముందు చేపల చెత్త పోశారు. ఎన్నిసార్లని అడిగాను. "పడవలు వచ్చిన రోజుల్లో" అన్నారు పెద్దాయన. ఎంతకాలమని అడిగాను. ఏడాదిన్నర. మీరేం రాశారని అడిగాను. తను కూడా అప్పట్లో కెప్టెన్‌కు వ్యతిరేకంగానే రాశానని చెప్పారు. ఆ క్లిప్పింగు కూడా పంపారు. అందుకని ఆయన్ను నమ్ముతున్నాను.

ఫ్రాన్స్‌లో ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు కోర్టు ద్వారా తల్లి ఇంటిపేరుకు మారాడు. ఆ రికార్డు ఎవరైనా అడగవచ్చు. నేను అడిగాను, వచ్చింది. ఇంటిపేరు మార్చుకోవడం నేరమైతే, పాస్‌పోర్టుల్లో మనవాళ్ళ ఇంటిపేర్లు ముందుకీ వెనక్కీ తిరిగిన తిరుగుడికి సగం మోరిస్‌విల్ ఖాళీ కావాలి.

ఆ ఏడు సీజన్లు ఎందుకు రాసుకోలేదో నాకు తెలియదు. ఊహించను. ఆదివారం నియమం గురించి కూడా వ్యాఖ్యానించను, నువ్వు చదువుకున్నదానివి. కాగితాలన్నీ ఇందులో పెట్టాను. దొంగ కాగితం మీద సంతకం చేయనందుకు దేశం వదిలిన మనిషిని మీరు దొంగ కాగితం పెట్టాడని తీసేయబోతున్నారు. మీ బోర్డు ముందు ఇది చదివితే అయిదు నిమిషాల పని.

దైవాశీర్వాదం

*

మోరిస్‌విల్
నవంబర్ 18, 2024

అన్నయ్యా,

చదవడం కుదరదు.

నిన్న ఆదివారం. నేను ఆరాధన మధ్యలో లేచి మైదానానికి వెళ్ళాను. పాస్టర్ గారు వాక్యం ఆపి మరీ చూశారు. ప్రాక్టీసు అయిపోయింది, కోచ్ ఒక్కడే కోన్‌లు ఏరుకుంటున్నాడు. నేను కూడా నాలుగు ఏరాను. తప్పు చోట పెట్టానని మళ్ళీ తీసి సర్దుకున్నాడు. అప్పుడు నీ కాగితాలు చేతికిచ్చాను.

జట్టు ఫొటో చాలాసేపు చూశాడు. ఎడమ నుంచి రెండోవాణ్ణి చూపించి, "వీడే. ఇప్పుడు బేకరీ నడుపుతున్నాడు. ప్రతి మార్చిలో ఫోన్ చేస్తాడు" అన్నాడు. "ఇది బోర్డు ముందు చదువుతాను, మీ ఉద్యోగం నిలబడుతుంది" అన్నాను.

"వద్దు."

ఎందుకన్నాను. తల ఎత్తకుండానే చెప్పాడు. "మీ బోర్డు అడిగింది నేను ఎక్కడ ఆడానని. వాడి గుండె గురించి అడగలేదు. ఆ శనివారం జట్టు పేర్లు రాసిచ్చింది కెప్టెనే, అంటే నేనే. వాడి పేరు నేనే రాశాను. వారమంతా వాణ్ణి చూడకుండా రాశాను. తర్వాత సంతకం చేయలేదని నన్ను మంచివాణ్ణి చేయకండి. వాడి కథ చెప్పి నేను ఉద్యోగం నిలబెట్టుకోను."

"మరి ఉద్యోగం పోతే?"

"పోతుంది" అన్నాడు. పేరు మార్చుకున్న కోర్టు కాగితం మాత్రం చూపించుకోవచ్చన్నాడు. అది తన సొంతమట.

కారులో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చేయలేదు. ఆ మనిషిని రెండు నెలలుగా ఏమేం అన్నానో నీకు తెలుసు, పదకొండు నిమిషాలు విన్నావు. చెప్పగలిగిన నిజం సరిపోదు, సరిపోయే నిజం చెప్పకూడదు. నేనేం చేయను?

లూసీ

*

జెర్సీ సిటీ
నవంబర్ 21, 2024

లూసీకి,

జట్టు పేర్లు ఆయనే రాశాడన్న సంగతి పెద్దాయన చెప్పలేదు. క్లిప్పింగుల్లో కూడా లేదు. నా వార్తలో లోపం, ఒప్పుకుంటున్నాను.

ఆయన వద్దన్నది చదవకు. ఏం చేయమని నన్ను అడిగావు. నేను ఇన్నేళ్ళూ ఇతరులు ఏం చేశారో రాశాను, ఏం చేయాలో ఎవరికీ రాయలేదు. మీ క్లబ్బు నిబంధనల పుస్తకం ఎప్పుడైనా చదివావా? సెక్రటరీలు సాధారణంగా చదవరు.

దైవాశీర్వాదం

*

మోరిస్‌విల్
డిసెంబర్ 11, 2024

అన్నయ్యకు వందనాలు.

నిబంధనల పుస్తకం చదివాను. పందొమ్మిది పేజీలు. 2003లో ఒక రిటైర్డ్ టీచర్ రాశారు, ఇరవై ఒక్క ఏళ్ళలో చదివింది నేనే అయ్యుంటాను.

శనివారం నాలుగింటికి లైబ్రరీ గదిలో మీటింగ్. రాజీవ్ గారు పద్నాలుగు స్లైడ్లు తెచ్చారు. మూడో స్లైడ్ పేరు "ఇంటెగ్రిటీ గ్యాప్". నేను ముందు కోర్టు కాగితం పెట్టాను. పేరు దొరకకపోవడానికి కారణం ఇది అన్నాను. గదిలో కాస్త నిరుత్సాహం కనిపించింది. రాజీవ్ గారు వెంటనే కోలుకుని, "ఓకే, నేమ్ చేంజ్ ఫైన్. కానీ డేట్స్‌కి ప్రూఫ్ ఏదండీ? ఎంప్లాయర్ లెటర్ ఏదండీ?" అన్నారు. నీ క్లిప్పింగులు నా బ్యాగులోనే ఉన్నాయి. తీయలేదు.

మొదట నేను చెప్పాల్సింది చెప్పాను. ఆ "ఫేక్" మాట అన్నది నేనే, నా కూతురు బెంచీ మీద ఉందని అన్నాను, నా దగ్గర ఆధారం ఏమీ లేదు, ఇప్పుడు మినిట్స్‌లో నా పేరు రాసుకుంటున్నాను అని. తర్వాత పుస్తకంలో తొమ్మిదో నిబంధన చదివాను. వెరిఫికేషన్ అంటూ మొదలైతే కోచ్‌లకూ బోర్డు సభ్యులకూ ఒకే విధంగా, ఒకే కంపెనీతో, మొదటి ఉద్యోగం నుంచి జరగాలి. ఓటు ఆ తర్వాతే.

"నాది మొదట తీసుకోండి" అని నా రెజ్యూమే టేబుల్ మీద పెట్టాను. నువ్వు బిస్కెట్లు తింటూ చూసిందే.

అన్నయ్యా, ఏం పోతుందో నాకు తెలుసు. గ్రీన్ కార్డ్, మోర్ట్‌గేజ్, ఎవరైనా ఒక ఈమెయిల్ కొడితే చాలు. కానీ ఎవరూ ఆ కాగితం ముట్టుకోలేదు. దివాకర్ గారికి అర్జెంట్ కాల్ వచ్చింది, ఫోన్ మోగకుండానే. ఇంకొకాయన వాటర్ బాటిల్ మీద రాసిన పదార్థాలన్నీ చదివారు. ఇద్దరు అమెరికన్ సభ్యుల్లో పోస్టాఫీసులో రిటైరైన పెద్దావిడ మాత్రం తను జీవితంలో చేసింది ఒకటే ఉద్యోగమని, ఇప్పుడే రాసిస్తానని పెన్ను అడిగింది.

రాజీవ్ గారు తెలుగులోకి దిగారు. "లూసీ గారూ, మనమంతా ఒకే ఫ్యామిలీలాంటివాళ్ళం కదండీ. ఇంత దూరం ఎందుకు?"

"అందుకే కదండీ ముందు నాది ఇచ్చాను."

తీర్మానం వెనక్కి తీసుకున్నారు. ఓటు జరగలేదు. నాలుగు నుంచి పద్నాలుగు దాకా స్లైడ్లు ఎవరూ చూడలేదు. పరువు కోసం ఒక కొత్త తీర్మానం మాత్రం చేశారు. కోచ్‌లు, సభ్యులు అందరూ వీలు చూసుకుని పూర్తి వివరాల ఫారం ఒకటి నింపి ఇవ్వాలి. "వీలు చూసుకుని" అన్న మాటను రాజీవ్ గారే దగ్గరుండి రాయించారు.

మీటింగ్ అయిన దగ్గర్నుంచి మనీషావాళ్ళు పర్సిస్‌ను ప్రాక్టీసుకు తమ కారులో ఎక్కించుకోవడం మానేశారు. పర్సిస్‌ను కూర్చోబెట్టి, ఆదివారం ప్రాక్టీసు కోచ్‌కు ఎందుకంత ముఖ్యమో చెప్పగలిగినంత చెప్పాను. చర్చా, ప్రాక్టీసా అని నేను తేల్చలేదు. "ఐ విల్ డిసైడ్, మమ్మీ. నువ్వు ఎవరికీ కాల్ చేయకు" అంది. చేయను.

ఇప్పటికి ఫారాలు మూడు వచ్చాయి. నాది, పోస్టాఫీసు పెద్దావిడది, సోమవారం పొద్దున కోచ్ స్వయంగా తెచ్చింది. నీలం ఇంకుతో, ప్రతి గడీ నింపాడు. రెండు పేర్లూ రాశాడు. పదమూడు సీజన్లూ రాశాడు, ఏ ఏడాది ఏ జట్టో రాశాడు. 1996 దగ్గర "వదిలిన కారణం" అనే గడిలో "ఒక కాగితం మీద సంతకం చేయలేదు" అని ఉంది. ఆ ఫార్వర్డ్ పేరు ఎక్కడా లేదు. దాని కింద 1996 నుంచి 2002 వరకు అడ్డంగా ఒక గీత గీసి, "పని దొరకలేదు" అని రాశాడు.

ప్రెసిడెంట్ సంతకం కోసం నిన్న ఆ ఫారం రాజీవ్ గారికి చూపించాను. అటూ ఇటూ తిప్పి రెండుసార్లు చదివారు. మొదటి డివిజన్ గురించి అడగలేదు, సంతకం చేయని కాగితం గురించి అడగలేదు. ఆ గీత మీద వేలు పెట్టి, నిజంగానే బాధపడుతూ అన్నారు.

"ఆరేళ్ళ గ్యాప్ ఇలా ఓపెన్‌గా వదిలేశాడేంటండీ? పాపం, ఈయనకి చెప్పేవాళ్ళెవరూ లేరా?"

లూసీ